ఒకే పేరు, రెండు అర్థాలు: ‘డూప్లికేట్ రూల్’ ఎర్రర్ వస్తే ముందు ఏం చేయాలి?



ఈరోజు మొదట ఒక చిన్న పని చేద్దాం. మీ ఫోన్ కాంటాక్ట్స్‌లో "శీనన్న" అని కొట్టి చూడండి. మా అనంతపురం వాళ్ల ఫోన్లలో అయితే కనీసం ఇద్దరు శీనన్నలు వస్తారు. ఒకాయన బోరు మోటార్లు రిపేర్ చేసే శీనన్న, ఇంకొకాయన మన మేనమామ కొడుకు శీనన్న. ఇద్దరినీ ఒకే పేరుతో సేవ్ చేసుకున్నా ఫోన్ ఏమీ అనదు. కష్టం ఎప్పుడు తెలుస్తుంది? మోటారు రిపేరుకు ఇవ్వాల్సిన రెండు వేలు మేనమామ కొడుక్కి పోయినప్పుడు తెలుస్తుంది.

ఒకే పేరుతో రెండోది సేవ్ చేయబోతే ఫోన్ ఆపి, "ఈ పేరు ఇప్పటికే ఉంది, నువ్వు అనేది ఎవరిని?" అని అడిగి ఉంటే? మనకు చిరాకు వచ్చేది. కానీ రెండు వేలు మిగిలేవి.

ఈరోజు మాట్లాడుకునే ఎర్రర్ అదే. బిజినెస్ రూల్స్ సాఫ్ట్‌వేర్‌లో వచ్చే "డూప్లికేట్ రూల్ నేమ్" ఎర్రర్. దీన్ని సరిచేయడం ఐదు నిమిషాల పని. తప్పుగా సరిచేయడం మాత్రం రెండు నిమిషాల పని. నేను ఆ రెండు నిమిషాల పనే చేశాను. ఆ కథ కూడా చెప్తాను.

ముందు ఈ రూల్స్ సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటో కొత్తవాళ్ల కోసం క్లుప్తంగా చెప్తా. మామూలు ప్రోగ్రాంలో ఇది అయితే అది చెయ్, లేకపోతే ఇది చెయ్ అని వరుసగా రాసుకుంటూ పోతాం. బ్యాంకు లోన్లు, బీమా క్లెయిములు, సబ్సిడీలు ఇలాంటి పనుల్లో నిబంధనలు వందల్లో ఉంటాయి, ఏటా మారుతుంటాయి. వాటన్నిటినీ కోడ్ మధ్యలో ఇరికిస్తే ఎవరికీ అర్థం కాదు. అందుకని నిబంధనలను విడిగా, ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టి రాస్తారు. ప్రతి రూల్‌లో రెండు భాగాలు. "ఎప్పుడు" అనేది ఒకటి, "అప్పుడు ఏం చేయాలి" అనేది ఇంకొకటి. డేటా లోపలికి ఇస్తే ఏ రూల్ వర్తిస్తుందో ఇంజనే చూసుకుంటుంది.

ఈ ఇంజన్ల వెనక ఉన్న ప్రసిద్ధమైన పద్ధతి పేరు రీటే. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో చార్లెస్ ఫోర్గీ అనే ఆయన 1970లలో తయారు చేశారు. రీటే అంటే లాటిన్‌లో వల. చేపల వల లాగే, డేటా పైనుంచి జారుతూ వచ్చి సరిపోయిన ముడి దగ్గర ఆగుతుంది. ఆ దారిలో వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్ డ్రూల్స్. 2001లో మొదలై, జేబాస్, రెడ్‌హ్యాట్ చేతుల మీదుగా పెరిగి, 2023లో అపాచీ ఫౌండేషన్ ఇంక్యుబేటర్‌లోకి వెళ్లింది. జావా వచ్చినవాళ్లు ఎవరైనా ఇంట్లో ఇన్‌స్టాల్ చేసుకుని నేర్చుకోవచ్చు. ఈరోజు ఉదాహరణలన్నీ డ్రూల్స్‌లోవే. కానీ పాఠం ఏ రూల్ ఇంజన్‌కైనా పనికొస్తుంది.

సరే, ఇప్పుడు మా ఊరి సంగతికి వద్దాం.

మాది కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. అనంతపురం అంటే మీకు తెలిసిందే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర వాన. అది కూడా అన్ని నెలలూ సమంగా పడదు. ఎర్రనేల, చెనిక్కాయ పంట. చెనిక్కాయకు మొత్తం ఎంత వాన పడింది అన్నదాని కంటే, ఎప్పుడు పడింది అన్నది ముఖ్యం. ఊడలు దిగే టైములో మూడు వారాలు వాన లేకపోతే, తర్వాత ఎంత కురిసినా చెట్టుకు పచ్చదనం వస్తుంది కానీ కాయ రాదు. అందుకే మా దగ్గర పంట బీమాలో, కరువు లెక్కల్లో ఒక మాట ప్రాణం లాంటిది. "డ్రై స్పెల్." వాన లేని విరామం.

ఇప్పుడు అడుగుతా. డ్రై స్పెల్ అంటే ఏమిటి?

"వాన పడని రోజులే కదా అన్నా" అంటారు. అక్కడే ఉంది తంటా.

కేంద్ర వ్యవసాయ శాఖ 2016లో కరువు మాన్యువల్ తెచ్చింది. అందులో లెక్క వారాల్లో ఉంటుంది. రుతుపవనాలు రావాల్సిన తేదీ దాటిన తర్వాత, వరుసగా మూడు నాలుగు వారాలు, ప్రతి వారం మామూలుగా పడాల్సిన దానిలో సగం కూడా పడకపోతే అది డ్రై స్పెల్. కరువు ప్రకటనకు అదొక్కటే చాలదు. పంట విస్తీర్ణం, శాటిలైట్ ఫొటోల్లో పచ్చదనం, నేలలో తేమ, నీటి నిల్వలు ఇవన్నీ చూసి, చేలల్లోకి వెళ్లి పరిశీలించాలి. కానీ మొదటి మెట్టు వాన లెక్కే.

రెండో లెక్క రోజుల్లో ఉంటుంది. మన వాతావరణ శాఖ దృష్టిలో ఒక రోజు 2.5 మిల్లీమీటర్లు, లేదా అంతకంటే ఎక్కువ పడితే అది "వర్షపు రోజు". అంతకంటే తక్కువ పడితే వర్షపు రోజు కాదు. ఈ గీత పట్టుకుని, వాన లేని రోజులు వరుసగా ఎన్ని అని లెక్కపెట్టుకుంటూ పోవచ్చు. వాతావరణం ఆధారంగా ఇచ్చే బీమా లెక్కలకు ఈ పద్ధతి అనుకూలం.

రెండూ తప్పు కాదు. రెండూ వేర్వేరు పనులకు పుట్టినవి. కానీ ఒకే చేను మీద రెండూ పెట్టి చూడండి ఏమవుతుందో. ఇవి ఉదాహరణకు నేను వేసుకున్న అంకెలు.

28 రోజులు తీసుకుందాం. నాలుగు వారాలు. మొదటి 14 రోజులు చుక్క లేదు. 15వ రోజు సాయంత్రం 3 మిల్లీమీటర్ల జల్లు. మళ్లీ 13 రోజులు చుక్క లేదు. ఆ మండలంలో వారానికి మామూలుగా 20 మిల్లీమీటర్లు పడాలి అనుకుందాం.

వారాల లెక్కన చూస్తే మొదటి వారం సున్నా, రెండో వారం సున్నా, మూడో వారం 3, నాలుగో వారం సున్నా. ఏ వారమూ 10 దాటలేదు. అంటే నాలుగు వారాల డ్రై స్పెల్. చేను ఎండింది.

రోజుల లెక్కన చూద్దాం. మన రూల్‌లో "వరుసగా 20 రోజులు వాన లేకపోతే డ్రై స్పెల్" అని రాసుకున్నాం అనుకోండి. 15వ రోజు 3 మిల్లీమీటర్లు పడింది కాబట్టి అది వర్షపు రోజు. లెక్క అక్కడ తెగింది. ఒక వైపు 14, ఇంకో వైపు 13. ఏదీ 20 కాదు. డ్రై స్పెల్ లేదు.

అదే చేను, అదే వాన, అదే మాట. ఒక లెక్కలో రైతు ఉన్నాడు, ఇంకో లెక్కలో లేడు.

ఇప్పుడు నా కథ. నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. కంపెనీ పేరు వద్దు. వాన డేటా తీసుకుని రెండు రకాల రిపోర్టులు ఇచ్చే ప్రాజెక్ట్. ఒకటి మండలాల కరువు పరిస్థితి, రెండోది బీమా లెక్క. నాకంటే ముందు ఇద్దరు ఆ పని చేసి వెళ్లిపోయారు. ఒకరు వారాల లెక్క రాసి దానికి "డ్రై స్పెల్" అని పేరు పెట్టారు. ఇంకొకరు రోజుల లెక్క రాసి దానికీ "డ్రై స్పెల్" అనే పేరు పెట్టారు. అవి వేర్వేరు ప్యాకేజీల్లో ఉన్నంత కాలం గొడవ లేదు. డ్రూల్స్‌లో రూల్ పేరు ఒక ప్యాకేజీ లోపల ఒక్కటే ఉండాలి. ప్యాకేజీ వేరైతే అదే పేరు ఇంకోసారి వాడుకోవచ్చు. మన దగ్గర ఇంటిపేరు వేరైతే శీనన్నలు ఎంతమంది ఉన్నా ఇబ్బంది లేనట్టు.

ఒక శుక్రవారం సాయంత్రం "అన్నీ ఒకే ఫైల్‌లోకి తెచ్చి శుభ్రం చెయ్" అన్నారు. తెచ్చాను. బిల్డ్ కొట్టాను. ఎర్రటి అక్షరాల్లో వచ్చింది, డూప్లికేట్ రూల్ నేమ్, డ్రై స్పెల్.

ఏడున్నరకి బస్సు. ఆ రాత్రే ఊరికి పోవాలి. నేనేం చేశానంటే, రెండో రూల్‌ను కట్ చేసి, కొత్త ఫైల్ ఒకటి తెరిచి అందులో పేస్ట్ చేశాను. ప్యాకేజీ పేరు మాత్రం అదే ఉంచాను. మళ్లీ బిల్డ్ కొట్టాను. ఎర్రర్ పోయింది! పచ్చ రంగు వచ్చింది. బ్యాగు సర్దుకుని బస్సు ఎక్కాను.

ఎర్రర్ పోయింది కానీ తప్పు పోలేదు ఫ్రెండ్స్. అప్పుడు మేం వాడిన డ్రూల్స్ పాత వెర్షన్. దాని పద్ధతి ఏమిటంటే, ఒకే ఫైల్‌లో ఒకే పేరు రెండుసార్లు వస్తే అరుస్తుంది. అదే పేరు, అదే ప్యాకేజీ, కానీ ఇంకో ఫైల్‌లో వస్తే, "ఓహో, పాతదాన్ని మార్చుకున్నారు కాబోలు" అనుకుని పాత రూల్‌ను తీసేసి కొత్తదాన్ని దాని స్థానంలో పెడుతుంది. గట్టిగా ఏమీ చెప్పదు. నేను అరిచే కుక్క నోరు కట్టేసి, తలుపు తెరిచి పెట్టి వచ్చానన్నమాట.

ఆ తెల్లారి ఊళ్లో దిగాను. నాయన చేను గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ముందురోజు చిన్న జల్లు పడినట్టుంది. "వాన పడింది కదా నాయనా, ఎంత పడింది?" అన్నాను.

నాయన కాలితో మట్టి గీరి చూపించాడు. పైన ఒక పొర తడి, కింద అంతా పొడి. "ఇదేం వానరా, దుమ్ము అణిగింది, అంతే. పదును కాలే" అన్నాడు.

పదును అంటే మా రైతుల లెక్క. గింజ వేస్తే మొలిచేంత, నాగలి దిగేంత తడి. దానికి మిల్లీమీటర్ల గీత లేదు. నేలను బట్టి, ఎండను బట్టి, ముందు ఎంత తడి ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. నా మనసులో అప్పటికి ఏమీ తట్టలేదు. బువ్వ తిని పడుకున్నాను.

తట్టింది ఎప్పుడంటే, రెండు వారాల తర్వాత. విడుదలకు ముందు పాత లెక్కనూ కొత్త లెక్కనూ పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తారు. మా సీనియర్ ఒకామె, మేమంతా అక్కా అని పిలిచేవాళ్లం, నన్ను పిలిచి స్క్రీన్ చూపించారు. పాత రిపోర్టులో డ్రై స్పెల్ అని వచ్చిన మండలాలు కొన్ని కొత్త రిపోర్టులో మాయమైనాయి. వాన డేటా మారలేదు. మారింది రూల్.

"ఇది ఎందుకు పోయింది?" అన్నారు.

"తెలియదక్కా" అన్నాను.

"ఆ శుక్రవారం ఎర్రర్ వచ్చిందన్నావే, దాన్నెట్లా సరిచేసినావు?"

చెప్పాను. ఆమె తిట్టలేదు. ఒక్క ప్రశ్న అడిగారు. "రెండిట్లో ఏది నిజమో ఎవరినన్నా అడిగినావా?"

అడగలేదు. అసలు అడగాలని కూడా తెలియలేదు. నాకది స్పెల్లింగ్ తప్పు లాంటి ఎర్రర్‌గా కనిపించింది. అప్పుడు నాయన కాలితో గీరి చూపించిన మట్టి గుర్తొచ్చింది. ఆ జల్లు 3 మిల్లీమీటర్లు అయి ఉంటే, నేను వదిలేసిన రూల్ ప్రకారం మా చేను తడిసినట్టే లెక్క.

ఇక్కడినుంచి నేర్చుకున్నదే ఈరోజు మీకు చెప్పేది. డూప్లికేట్ ఎర్రర్ వస్తే మొదటి ప్రశ్న "దీన్ని ఎలా పోగొట్టాలి" కాదు. "ఈ రెండూ ఒకే మాటా, వేరే మాటలా" అన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు మూడు రకాలుగా ఉంటుంది. ఒక్కోటి చూద్దాం.

మొదటి రకం, నిజమైన నకలు. రెండూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. ఇది తేలిక. కానీ ఎక్కడినుంచి వచ్చిందో పట్టుకోవాలి, లేకపోతే రేపు మళ్లీ వస్తుంది. ఈ వరుసలో వెతకండి.

ఎర్రర్‌లో వచ్చిన రూల్ పేరును కాపీ చేసి, తెరిచిన ఒక్క ఫైల్‌లో కాకుండా మొత్తం ప్రాజెక్టులో వెతకండి. కాపీ పేస్ట్ చేసి పేరు మార్చడం మర్చిపోయిన కేసులు ఇక్కడే దొరుకుతాయి.

ఒక్కచోటే కనిపించినా ఎర్రర్ వస్తోందా? అయితే పాత బిల్డ్ మిగిలిపోయి ఉండొచ్చు. ఫైల్ పేరు మార్చినా, పాత పేరుతో ఉన్న కాపీ టార్గెట్ ఫోల్డర్‌లో అలాగే కూర్చుంటుంది. ఎమ్‌వీఎన్ క్లీన్ కొట్టి మళ్లీ బిల్డ్ చేయండి.

అయినా పోలేదా? అదే రూల్స్ ఉన్న జార్ ఫైల్ రెండు దారుల్లో లోపలికి వస్తోందేమో చూడండి. ఎమ్‌వీఎన్ డిపెండెన్సీ ట్రీ అని కొడితే ఏది ఎవరి వెంట వచ్చిందో చెట్టు లాగా చూపిస్తుంది. ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లు కనిపిస్తే దొంగ దొరికినట్టే.

ఎక్సెల్ షీట్‌లో రూల్స్ రాసేవాళ్లకు ఇంకో మాట. డెసిషన్ టేబుల్‌లో మనం ప్రతి వరుసకూ పేరు పెట్టకపోతే, టేబుల్ పేరూ వరుస నంబరూ కలిపి సాఫ్ట్‌వేరే పేరు తయారు చేసుకుంటుంది. మనం ఖరీఫ్ షీట్‌ను కాపీ చేసి రబీ షీట్ చేశామనుకోండి. టేబుల్ పేరు మార్చలేదు. రెండిట్లోనూ పదో వరుసకు ఒకే పేరు వస్తుంది. రెండు షీట్లూ ఒకే ప్యాకేజీలోకి వెళ్తే ఢీకొంటాయి. షీట్ ట్యాబ్ మీద పేరు మారిస్తే చాలదు, లోపల టేబుల్ పేరు మార్చాలి.

ఇంకొకటి, రూల్ కాకుండా టైప్ డూప్లికేట్ అవ్వడం. "రైతు" అనే టైపును ఒక రూల్ ఫైల్‌లో డిక్లేర్ చేసి, ఇంకో ఫైల్‌లో అదే ప్యాకేజీ కింద మళ్లీ డిక్లేర్ చేస్తే గొడవ. ఒకచోట పెట్టుకుని మిగతా చోట్ల దాన్నే వాడుకోండి.

రెండో రకం, పాత నిబంధన, కొత్త నిబంధన. ఇది నకలు కాదు. రెండూ నిజమే, కానీ వేర్వేరు కాలాలకు. ఇక్కడ పాతది తీసేస్తే తప్పు, కొత్తది తీసేసినా తప్పు.

ప్రధానమంత్రి ఫసల్ బీమానే తీసుకోండి. అది 2016లో వచ్చింది. అందులో హామీ దిగుబడి అని ఒక లెక్క ఉంటుంది. ఈ ఏడాది దిగుబడి దానికంటే తగ్గితేనే పరిహారం. మొదటి మార్గదర్శకాల్లో, గత ఏడేళ్ల సగటు తీసుకోవాలి, ప్రభుత్వం విపత్తు ఏడాదిగా ప్రకటించిన రెండేళ్ల దాకా వదిలేయొచ్చు అని ఉండేది. తర్వాత దాన్ని, ఏడేళ్లలో బాగా పండిన ఐదేళ్ల సగటు అని మార్చారు. రెండిట్లోనూ ఆ సగటును హామీ శాతంతో గుణించాలి.

మళ్లీ ఉదాహరణకు వేసుకున్న అంకెలే. కంది పంట, హెక్టారుకు కిలోల్లో, ఏడేళ్లు: 600, 200, 500, 300, 550, 250, 650. విపత్తు ఏడాదిగా ప్రకటించింది 200 వచ్చిన ఒక్క ఏడాదినే. హామీ 80 శాతం.

పాత లెక్కలో 200ను వదిలేస్తే మిగతా ఆరేళ్ల మొత్తం 2,850. సగటు 475. అందులో 80 శాతం అంటే 380 కిలోలు.

కొత్త లెక్కలో మంచి ఐదేళ్ల మొత్తం 2,600. సగటు 520. అందులో 80 శాతం 416 కిలోలు.

ఈ ఏడాది దిగుబడి 400 కిలోలు వచ్చింది. పాత లెక్కన పరిహారం సున్నా. కొత్త లెక్కన 16 కిలోలు తక్కువ. హెక్టారుకు 40,000 రూపాయల బీమా అనుకుంటే, దగ్గరదగ్గర 1,538 రూపాయలు రావాలి. చిన్న మొత్తమే అనిపిస్తుంది. కానీ ఒక ఊరి చేలన్నీ కలిపి చూడండి.

ఈ రకానికి మందు ఏమిటి? రెండు రూల్సూ ఉంచండి, పేర్లు వేరు చేయండి. పేరులోనే కాలం తెలియాలి. "హామీ దిగుబడి, ఏడేళ్ల సగటు" అని ఒకటి, "హామీ దిగుబడి, మంచి ఐదేళ్లు" అని ఇంకొకటి. "హామీ దిగుబడి 2", "హామీ దిగుబడి కొత్తది", "హామీ దిగుబడి ఫైనల్ ఫైనల్" ఇలాంటి పేర్లు మాత్రం పెట్టకండి. మూడేళ్ల తర్వాత కొత్తది ఏదో మీకే తెలియదు.

ఇక్కడ ఒక గుంట ఉంది, జాగ్రత్త. డ్రూల్స్‌లో డేట్ ఎఫెక్టివ్, డేట్ ఎక్స్‌పైర్స్ అని రెండు సదుపాయాలున్నాయి. ఫలానా తేదీ నుంచి ఈ రూల్ అమలు, ఫలానా తేదీతో ఆఖరు అని పెట్టుకోవచ్చు. బాగుంది కదా అని వాడేస్తాం. కానీ అది చూసేది రూల్స్ నడుస్తున్న రోజు తేదీని. రైతు పంట వేసిన సీజన్‌ను కాదు. పాత సీజన్ క్లెయిమ్ ఒకటి ఆలస్యంగా ఈరోజు లెక్కకు వస్తే, దానికి ఈనాటి రూల్ తగులుతుంది. అందుకని సీజన్‌ను రూల్ షరతులోనే రాయండి. "క్లెయిమ్ సీజన్ ఇది అయితే" అని. డబ్బు లెక్కల్లో క్యాలెండర్ కంటే సీజన్ ముఖ్యం.

మూడో రకం, అసలు వేర్వేరు సంగతులు, పేరు మాత్రం ఒకటి. మన డ్రై స్పెల్ ఇదే. ఇక్కడ ఏదీ పాతది కాదు, ఏదీ కొత్తది కాదు. "వారాల డ్రై స్పెల్, కరువు అంచనా" అని ఒకదానికి, "రోజుల డ్రై స్పెల్, బీమా" అని ఇంకొకదానికి పేర్లు పెట్టాలి. ఆ తర్వాత వాటిని వాడుకునే ప్రతి రూల్ దగ్గరకూ వెళ్లి, నీకు కావాల్సింది ఏది అని చూసుకోవాలి. ఈ రెండో పని చాలామంది మర్చిపోతారు.

జిల్లా పేరు సంగతి కూడా ఇంతే. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయినాయి. ముందు రోజు దాకా అనంతపురం జిల్లా అంటే 63 మండలాలు. ఆ రోజు నుంచి 31. మిగతా 32 పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయినాయి. కదిరి రైతు 2021 ఖరీఫ్ రికార్డులో జిల్లా అనంతపురం. 2022 ఖరీఫ్‌లో శ్రీ సత్యసాయి. ఆ రైతు ఎక్కడికీ పోలేదు, అదే చేను, అదే ఇల్లు. రూల్‌లో ఉత్త "అనంతపురం" అని రాస్తే ఏ అనంతపురం? పాత జిల్లానా, కొత్త జిల్లానా, మండలమా, నగరమా? అందుకే ఇలాంటి చోట్ల పేర్లు వాడకుండా కోడ్‌లు వాడాలి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి జిల్లాకు, మండలానికి, ఊరికి ఒక నంబరు ఉంటుంది. పేరు అనంతపూర్ అని రాసినా, అనంతపురం అని రాసినా, అనంతపురము అని రాసినా ఆ నంబరు తికమక పడదు.

ఇంతదాకా ఇంజన్ పట్టుకోగలిగేవి చెప్పాను. ఇప్పుడు పట్టుకోలేనిది చెప్తా. ఇంజన్ చూసేది పేరు ఒక్కటేనా అన్నది మాత్రమే. అర్థం ఒక్కటేనా అన్నది చూడదు. ఒకే షరతుతో, ఒకే పనితో, రెండు వేర్వేరు పేర్లతో రెండు రూల్స్ ఉంటే ఏ ఎర్రరూ రాదు. డేటా సరిపోతే రెండూ నడుస్తాయి. ఒక రైతుకు పరిహారం రెండుసార్లు లెక్కపడుతుంది. తర్వాత ఎప్పుడో "ఎక్కువ ఇచ్చాం, తిరిగి కట్టు" అని నోటీసు వస్తే ఆ డబ్బు ఎరువుల అంగడిలో ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఒకే నిర్ణయానికి చాలా రూల్స్ ఉండి, వాటిలో ఒక్కటే నడవాలంటే యాక్టివేషన్ గ్రూప్ అనే సదుపాయం ఉంది. ఒకటి నడవగానే ఆ గుంపులో మిగతావి ఆగిపోతాయి. కానీ అది అడ్డుకట్ట మాత్రమే. ఏది నడవాలో మీరు నిర్ణయించకపోతే, తప్పు రూలే నడిచి సరైనది ఆగిపోవచ్చు.

ఇక చివరగా చేయాల్సిన సెట్టింగ్ ఒకటి. డ్రూల్స్‌లో డూప్లికేట్ రూల్ సివియారిటీ అని ఒకటి ఉంటుంది. ఇంకో ఫైల్‌లో అదే పేరు కనిపిస్తే ఊరికే సమాచారం ఇవ్వాలా, హెచ్చరించాలా, ఎర్రర్ అని ఆపేయాలా అన్నది మనమే చెప్పొచ్చు. డబ్బుతో ముడిపడిన ప్రాజెక్ట్ అయితే ఎర్రర్ అనే పెట్టండి. కొత్త వెర్షన్ల డాక్యుమెంటేషన్ అయితే, ప్యాకేజీలో ఏ ఫైల్‌లో ఉన్నా ఒకే పేరు రెండుసార్లు వాడితే కంపైల్ కాదు అనే చెప్తుంది. మీది ఏ వెర్షనో చూసుకోండి. రెండు నకిలీ ఫైళ్లు పెట్టి ఒకసారి పరీక్షించి చూడండి. నమ్మకం వద్దు, పరీక్ష కావాలి.

మా కథ ఏమైందంటే, అక్కయ్య ఆ రిపోర్టు విడుదల కాకుండా ఆపారు. నేను రెండు రూల్స్‌కూ సరైన పేర్లు పెట్టాను. ఒక్కోదాని పైన ఒక వాక్యం రాశాను. ఈ లెక్క ఏ నిబంధన నుంచి వచ్చింది, ఏ పనికి, ఏ సీజన్ నుంచి అని. నేను చెప్పిన ఆ 28 రోజుల వాన ఉంది చూడండి, దాన్ని టెస్టుగా రాసి పెట్టాను. వారాల రూల్ అవును అనాలి, రోజుల రూల్ కాదు అనాలి. రెండిట్లో ఏది మారినా బిల్డ్ ఆగిపోతుంది. మాయమైన మండలాలు మళ్లీ వచ్చాయి.

ఆ రాత్రి నాయనకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. సగం అర్థమైంది, సగం కాలేదు. అంతా విని, "అయితే ఆ మిషన్‌కు మూడు చుక్కలు పడితే వాన అని నువ్వే చెప్పినావా?" అన్నాడు.

"నేనే చెప్పినా నాయనా."

"మల్ల చెప్పేటప్పుడు సేనులోకి వచ్చి చూసి చెప్పు" అన్నాడు.

అదే ఫ్రెండ్స్. మీలో చాలామంది రేపు ఇలాంటి ఉద్యోగాల్లోనే చేరతారు. స్క్రీన్ మీద ఎర్రటి అక్షరాలు చూసి చిరాకు పడకండి. అది మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతోంది, ఏ శీనన్న అని. జవాబు తెలియకపోతే తెలిసినవాళ్లను అడగండి. నిబంధన రాసినవాళ్లను, వీలైతే ఆ నిబంధన ఎవరి మీద పడుతుందో వాళ్లను కూడా. ఆ తర్వాతే కీబోర్డ్ ముట్టుకోండి. బస్సు పోతే ఇంకో బస్సు వస్తుంది.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ 28 రోజుల టెస్టును మొదటినుంచి కలిసి రాద్దాం. ల్యాప్‌టాప్ లేకపోయినా పర్వాలేదు, నోట్‌బుక్, పెన్ను చాలు. ఉంటాను మరి, జాగ్రత్త.